అప్పగింతల పాట లేని ప్రయాణం

మన తెలుగువాళ్ళు ఆడపిల్లని ఇంట్లోంచి ఊరికే పంపరు. పాట పాడి పంపుతారు. పెళ్ళి పాటల్లో అప్పగింతల పాటలు ఒక పెద్ద శాఖ. పిల్లకి బుద్ధులు చెప్పే పాటలు, పిల్లని జాగ్రత్తగా చూసుకోమని వియ్యాలవారిని బతిమాలే పాటలు, అత్త ముందు ఎలా నిలబడాలో, ఆడబిడ్డతో ఎంతవరకు నవ్వాలో నేర్పే పాటలు. వాటిల్లో చెప్పిన బుద్ధులన్నీ ఈనాడు మనకి నచ్చుతాయని కాదు. కొన్ని వింటే ఒళ్ళు మండుతుంది కూడా. అయినా ఒక్క మేలు మాత్రం చేశాయి. పిల్ల వెళ్ళే చోటు కొత్తదే గాని, ఆ ఏడుపు కొత్తది కాదని చెప్పాయి. నీకంటే ముందు మీ అమ్మ ఏడ్చింది, మీ జేజి ఏడ్చింది, ఇద్దరూ తేరుకున్నారు, నువ్వూ తేరుకుంటావు. పాట చెప్పే అసలు మాట ఇదీ.

ఇప్పుడు మన పిల్లలు ఇల్లు వదలడం పెళ్ళితో మొదలు కావడం లేదు. చదువుతో మొదలవుతోంది. కాలేజీలు తెరిచే రోజుల్లో నంద్యాల బస్‌స్టాండులో ఒక అరగంట నిలబడి చూడండి. ఒక సూట్‌కేసు, ఒక పరుపు చుట్ట, ప్లాస్టిక్ బకెట్టు, బకెట్టులో మగ్గు, మగ్గులో సబ్బుపెట్టె, గుడ్డతో మూతి కట్టిన ఊరగాయ సీసా. వాటి పక్కన తండ్రి. తండ్రి పక్కన, కళ్ళు ఎర్రబడినా ఏడవని పిల్ల. చూస్తే సారె సామానులాగే వుంటుంది. పాట ఒక్కటే లేదు.

పాట లేకపోతే పోనీ, నవల వుందా? చదువుకోసం ఇల్లు వదిలిన ఆడపిల్ల మొదటి సంవత్సరం గురించి మన సాహిత్యం ఏం చెప్పింది? ఈ లెక్క ఒకసారి చూద్దామనే ఈ నాలుగు మాటలూ.

ముందు దారుల సంగతి. ఆళ్ళగడ్డ నుంచి నంద్యాల సుమారు 40 కిలోమీటర్లు. నంద్యాల 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమయింది. అంతకుముందు కర్నూలు జిల్లాలో భాగం. డిగ్రీ కాలేజీలు, ఇంజనీరింగు కాలేజీ, మెడికల్ కాలేజీ అన్నీ అక్కడ వున్నాయి. అయినా 'యూనివర్సిటీ' అనాలంటే బస్సెక్కాల్సిందే. ఉత్తరానికి పోతే కర్నూలు, 2008లో ఏర్పడిన రాయలసీమ విశ్వవిద్యాలయం. పడమటికి పోతే అనంతపురం, 1981 నాటి శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం. దక్షిణానికి ఆళ్ళగడ్డ మీదుగా చాగలమర్రి, మైదుకూరు, కడప దాటి పోతే తిరుపతి. అక్కడ 1954 నాటి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఒకటి, ఆడపిల్లల కోసమే 1983లో పెట్టిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఒకటి. తూర్పుకి రైలెక్కితే నల్లమల అడవి దాటి గుంటూరు, విజయవాడ. ఇవి కాక ఇడుపులపాయలో 2008లో పెట్టిన ట్రిపుల్ ఐటీ. అక్కడికి పదో తరగతి కాగానే పోతారు, ఆరేళ్ళ చదువు. అంటే పదిహేను, పదహారేళ్ళకే పిల్లకి యూనివర్సిటీ మొదటి సంవత్సరం!

2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేకుండా చేశారు. సంతోషం. చార్జీ పోయింది. దూరం మాత్రం పోలేదు. నాలుగు దిక్కులా దారులున్నాయి గాని, అడగ్గానే ఠక్కున గుర్తొచ్చే మన నవలా నాయిక ఒక్కతీ ఆ దారిన ఊరగాయ సీసా పట్టుకుని పోలేదు.

కొత్తచోట చదువు అనగానే మనకి ముందు గుర్తొచ్చేవాడు బారిస్టర్ పార్వతీశం. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి నవల మొదటి భాగం 1924లో వచ్చింది. నూరేళ్ళు దాటినా ఆ నవ్వు మాసిపోలేదు. మొగల్తూరు నుంచి ఇంట్లో చెప్పకుండా బయల్దేరి, మద్రాసు, కొలంబో మీదుగా ఓడెక్కి పోయిన పార్వతీశం, నా లెక్కన, మన భాషలో అందరికంటే గట్టి 'ఫస్టియరు'. మద్రాసులో ముచ్చటపడి టోపీ కొంటే అది ఆడవాళ్ళ టోపీ అయి కూచుంటుంది. చదువుతూ మనం నవ్వుతాం. నవ్వుతూ నవ్వుతూనే ఒక సంగతి గ్రహిస్తాం: వీడు తెలివితక్కువవాడు కాడు, కొత్తవాడు, అంతే. ఆ రెంటికీ వున్న తేడాని అంత సులువుగా చెప్పిన పుస్తకం మనకి మరొకటి లేదు. మొదటి సంవత్సరం చదువులో వున్న ప్రతి పిల్లకీ బకెట్టుతోపాటు ఈ పుస్తకం కూడా ఇచ్చి పంపమంటాను.

అయితే ఒక అనుమానం. పార్వతీశం బదులు పార్వతి అనే పిల్ల వుందనుకోండి. ఆళ్ళగడ్డ పిల్లే అనుకుందాం. ఇంట్లో చెప్పకుండా బయల్దేరే సౌకర్యం ఆమెకి మొదలే లేదు. నలుగురితో చెప్పి, నలుగురూ వద్దంటే తల్లి ఒక్కతీ గట్టిగా నిలబడితే, అప్పుడు బయల్దేరింది. పార్వతీశం పొరపాటు చేస్తే అది కథ అవుతుంది. పార్వతి పొరపాటు చేస్తే అది సాక్ష్యం అవుతుంది. "నేను అప్పుడే చెప్తి గదా, ఆడపిల్లని అంత దూరం పంపొద్దని" అనడానికి పెదనాయన వాకిట్లోనే కూచుని వుంటాడు. పార్వతీశం పదిసార్లు పడి పదిసార్లు లేస్తాడు. పార్వతికి ఒకసారి పడటానికే హక్కు లేదు. చూడండి, మనల్ని చూసి మనమే నవ్వుకోగలగడం కూడా ఒక ఆస్తే. ఆ ఆస్తిని సైతం మగపిల్లల పేరనే రాసిపెట్టారు.

తక్కిన పెద్ద నవలలకి వద్దాం. కొడవటిగంటి కుటుంబరావుగారి 'చదువు'లో సుందరం వున్నాడు. ఇల్లు, బడి, కాలేజీ, బజారు, వీటిల్లో మనిషిని నిజంగా చదివించేది ఏదని నిదానంగా అడిగే నవల అది. బుచ్చిబాబుగారి 'చివరకు మిగిలేది'లో దయానిధి మద్రాసులో వైద్యం చదివినవాడు. చదువు ముగించుకున్న దయానిధి చివరికి మన సీమకే, వజ్రకరూరుకి వస్తాడు. అక్కడ వజ్రం కూడా దొరుకుతుంది! మన సీమకి వజ్రం కోసం నాయకుణ్ణి రప్పించిన సాహిత్యం, మన సీమనుంచి చదువుకోసం పోయిన పిల్ల వెంట ఒక్క బస్సు స్టేజీ దూరం కూడా నడవలేదే అని కాస్త బాధ.

హాస్టలు జీవితం అంటే 1969లో వచ్చిన నవీన్‌గారి 'అంపశయ్య' గురించి చెప్పుకోవాలి. ఆ నవల పేరే రచయిత ఇంటిపేరు అయిపోయింది. ఉస్మానియా యూనివర్సిటీ హాస్టల్లో రవి అనే విద్యార్థి ఒక్క రోజు గడపడమే నవల. పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రిదాకా వాడి మనసులో తిరిగే చక్రమంతా మనకి వినిపిస్తుంది. ఇంటి దగ్గర లేమి, చేతిలో లేని డబ్బు, పరీక్ష భయం, తోటివాళ్ళ ముందు తలెత్తుకోలేని సిగ్గు. నలుగురితో కలిసి అన్నం తింటూ కూడా ఒంటరిగా వుండటం ఎలా వుంటుందో నవీన్‌గారు రాసినట్టు తెలుగులో ఇంకొకరు రాయలేదు. పల్లెటూరి పిల్ల హాస్టలు మంచంమీద పడుకుని పైకప్పుకేసి చూస్తున్నప్పుడు ఏమనుకుంటుందో తెలుసుకోవాలంటే, ఈ మగపిల్లాడి పుస్తకంలోంచి సగం ఊహించుకోవాల్సి వస్తోంది.

సగమే ఎందుకంటే, వీళ్ళందరూ మగపిల్లలే. మగపిల్లాడికి వెనకనున్న ఇల్లు ఒక బెంగ, ఒక బాధ్యత. మనియార్డరు ఆలస్యమయితే ఒక కోపం. ఆడపిల్లకి వెనకనున్న ఇల్లు తీర్పు చెప్పడానికి సిద్ధంగా కూచున్న కోర్టు. రవి ఏడిస్తే రవికి కష్టం వచ్చిందంటారు. పార్వతి ఏడిస్తే "దానికి చదువు పడలేదు, వచ్చేయమను, సంబంధం చూద్దాం" అంటారు. అందుకని పార్వతి ఏడవదు. అసలు కష్టం అక్కడుంది, దాన్ని రాసినవాళ్ళు తక్కువ.

మరి ఆడవాళ్ళ నవలల మాటేమిటని మీరు అడుగుతారు. అడగాలి కూడా. 1960ల నుంచి 1980ల దాకా వారపత్రికల్ని చేతుల్లో నిలబెట్టింది రచయిత్రుల సీరియళ్ళే. ఆ నాయికలు చదువుకున్నవాళ్ళు, ఆత్మాభిమానం వున్నవాళ్ళు. యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ'లో జయంతి ఉద్యోగం చేసి బతికే పిల్ల. ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు. వంటింట్లో పోపు మాడిపోతున్నా సీరియలు వదలని ఆడవాళ్ళకి, తమ కాళ్ళమీద నిలబడిన అమ్మాయి ఎలా నడుస్తుందో చూపించిన నవలలవి. వాటిని వెక్కిరించేవాళ్ళంటే నాకు గిట్టదు.

అయినా విమర్శ విమర్శే. ఆ కాలం సీరియళ్ళలో నాయిక చదువు ఎలా వుంటుందంటే, మెళ్ళో గొలుసులా వుంటుంది. ఎప్పుడు చేయించారో, ఎంత పడిందో, ఎవరూ చెప్పరు. బి.ఏ. ప్యాసయిన మర్నాడు కథ మొదలవుతుంది. లేదంటే కాలేజీలో చేరిన రోజునే మెట్లమీద నాయకుడు ఎదురై పుస్తకాలు కింద పడి కథ మొదలవుతుంది. కింద పడ్డ ఆ పుస్తకాలేవిటో మనకి తెలియదు. నవల్లో కాలేజీ వుంటుంది గాని క్లాసు వుండదు. హాస్టలు వుంటుంది గాని మెస్సు బిల్లు వుండదు. స్నేహితురాలు వుంటుంది గాని, ఆమె పని నాయకుడి గురించి ఆటపట్టించడమే.

దీనికి కారణం వుంది. ఆ సీరియళ్ళు చదివినవాళ్ళలో కాలేజీ గుమ్మం తొక్కనివాళ్ళే ఎక్కువ. వాళ్ళకి కాలేజీ అంటే రాజుగారి కోట లాంటిది. కోట కథలో ద్వారం గురించి చెబుతారు గాని, లోపల నీళ్ళకి క్యూ గురించి చెప్పరు గదా! కలగా చూసినంతకాలం అది చాలు. కానీ ఆ పాఠకురాళ్ళ కూతుళ్ళు కాలేజీలకి వెళ్ళారు, మనవరాళ్ళు ఇంకా దూరం వెళుతున్నారు. కోటలో కాపరం పెట్టినవాళ్ళకి ద్వారం వర్ణన సరిపోదు.

ఈ మధ్య కాలంలో కాలేజీని దగ్గరగా చూపింది నవల కాదు, సినిమా. శేఖర్ కమ్ముల 'హ్యాపీ డేస్' 2007లో వచ్చినప్పుడు ఊరూరా పిల్లలు తమనే తెరమీద చూసుకున్నారు. ఇంజనీరింగు కాలేజీ నాలుగేళ్ళూ, క్యాంటీనుతో సహా, అందులో వున్నాయి. ఆడపిల్లలు వెకిలిగా కాక మనుషుల్లా మాట్లాడే సినిమా అది; అందుకు మెచ్చుకోవాలి. నా ఫిర్యాదల్లా మొదటి సంవత్సరం గురించే. అందులో ర్యాగింగు నవ్వులాటలా గడిచిపోతుంది. సీనియర్లతో జూనియర్లకి స్నేహాలూ, ఒకరికి ప్రేమా కూడా అక్కడినుంచే మొలుస్తాయి. తెరమీద అది ముచ్చటగానే వుంది. కానీ సినిమా చూసి కాలేజీకి పోయిన పిల్ల, తనకి జరుగుతున్నదానికి నవ్వు రాకపోతే లోపం తనలోనే వుందనుకుంటుంది. అదీ ప్రమాదం.

సినిమా మన సీమ పిల్లకి చేసిన అపకారం ఇంకోటి వుంది. 'సమరసింహారెడ్డి' 1999లో, 'ఇంద్ర' 2002లో వచ్చాయి. వాటి మధ్యా, వాటి తర్వాతా వరసగా వచ్చిన సినిమాలన్నీ కలిసి మన యాసని కత్తులూ, బాంబులూ, ఎగిరే సుమోల భాషగా చేసిపెట్టాయి. ఇప్పుడు మన పార్వతి పరాయి జిల్లా కాలేజీలో మొదటిరోజు పక్క పిల్లని ప్రేమగా "యాడికి పోతాండావు?" అని అడుగుతుంది. ఆ పిల్ల కిసుక్కున నవ్వి, "మీ ఇంట్లో బాంబులుంటాయా?" అంటుంది. ఆమెకి చెడు ఉద్దేశం ఏమీ లేదు పాపం, సినిమా చూసింది, అంతే. కానీ ఆ సాయంత్రం నుంచి పార్వతి నోరు తెరిచేముందు ప్రతి మాటనీ ఒకసారి కడుక్కుంటుంది. 'యాడికి' పోయి 'ఎక్కడికి' వస్తుంది. అమ్మ ఫోను చేస్తే మళ్ళీ 'యాడికి' వస్తుంది. ఒక్క నోట్లో రెండు భాషలు కాపరం చేయడం ఎంత కష్టమో ఎవరైనా కథ రాశారా?

రెండు కాదు, మూడు. 2021–22 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ చదువులన్నీ ఇంగ్లీషు మీడియంలోనే వుండాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఆ నిర్ణయం మంచిదా చెడ్డదా అన్నది వేరే వ్యాసం. తెలుగు మీడియంలో చదివి, జిల్లాలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్ల, మొదటి నెలలో క్లాసులో ఏమీ అర్థం కాక కూచుంటుంది చూడండి, అది మాత్రం నవలకి పనికొచ్చే వస్తువు. నిన్నటిదాకా ఊరికి తెలివైన పిల్ల. ఇవాళ చివరి బెంచీ మొద్దు. మనిషి మారలేదు, భాష మారింది. పార్వతీశం టోపీ సంగతే మళ్ళీనూ! కాకపోతే ఇక్కడ నవ్వేది మనం కాదు, క్లాసు.

"ఇదంతా ఒక్క ఏడాది ముచ్చటేగా, గడిస్తే అదే సర్దుకుంటుంది, దీనికి సాహిత్యం ఎందుకు?" అని ఎవరైనా అనొచ్చు. ఒక్క ఏడాదే. కానీ అత్తవారింట్లో కూడా కష్టమంతా మొదటి ఏడాదే అని మన ముత్తవ్వలకి తెలుసు. అందుకే ఆ ఏడాది చుట్టూ ఎంత అల్లిక అల్లారో చూడండి. ఆషాఢం వస్తే పిల్ల పుట్టింటికి రావాలి. మొదటి దీపావళికి రావాలి. మొదటి సంక్రాంతికి అల్లుడితో రావాలి. ఆషాఢానికి శాస్త్రం పేరు ఏదైనా చెప్పనీండి, అసలు సంగతి ఏమిటంటే, కొత్తచోట ఊపిరాడని పిల్లకి మధ్యమధ్య ఊపిరి పీల్చుకునే వీలు కల్పించారు.

పెద్ద చదువులు చదివిన పండితులు ఈ సంగతినే తర్వాత పుస్తకాల్లో రాశారు. ఆర్నల్డ్ వాన్ జెనెప్ అనే ఆయన 1909లో ఫ్రెంచిలో రాసిన పుస్తకంలో, ఏ దేశంలోనైనా మనిషి ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి పోయేటప్పుడు మూడు మజిలీలుంటాయన్నాడు: విడిపోవడం, నడిమధ్య వుండటం, కొత్తవాళ్ళలో కలిసిపోవడం. విన్సెంట్ టింటో అనే అమెరికా ఆచార్యుడు 1987లో దాన్ని కాలేజీ పిల్లలకి అన్వయించి, చదువు మధ్యలో మానేసేవాళ్ళు తెలివి లేక కాదు, చాలామంది ఆ నడిమధ్య మజిలీలో ఒంటరిగా చిక్కుకుని మానేస్తారని వాదించాడు. ఆయన తర్వాతివాళ్ళు ఇంకో మాట కలిపారు: కొత్తచోట కలవాలంటే పాత ఇంటిని తెంచుకోనక్కర్లేదు, ఆ దారం గట్టిగా వుంటేనే పిల్ల నిలుస్తుంది అని. మన ఆషాఢం చెప్పిందీ అదేగా!

ఇప్పుడు మన పార్వతి దసరా సెలవులకి ఇంటికొచ్చిందనుకోండి. తన పుస్తకాల గూట్లో తమ్ముడి బూట్లున్నాయి. పడుకునే మంచం హాల్లోకి మారింది. అమ్మ గాజుగ్లాసులో కాఫీ ఇచ్చింది; చుట్టాలకిచ్చే గ్లాసది. జొన్నరొట్టె తినాలని నెలరోజులు కలలుగన్న పిల్ల, రొట్టె ముందు కూచుని తినలేక కన్నీళ్ళు పెట్టుకుంటుంది. అక్కడా పూర్తిగా లేదు, ఇక్కడా పూర్తిగా లేదు. కొత్త పెళ్ళికూతురికయితే ఈ స్థితి గురించి చెప్పడానికి పది పాటలున్నాయి, పక్కింటి పిన్నమ్మ వుంది. మన పిల్లకి ఎవరున్నారు? "ఎన్నాళ్ళు సెలవులు?" అని అడిగేవాళ్ళున్నారు. 

రోజూ వీడియో కాల్ చేస్తున్నాం కదా అంటారు తల్లులు. చేస్తున్నాం. "తిన్నావా పాపా?" అంటాం. "తిన్నా మా" అంటుంది. ఈ రోజుల్లో తెలుగుదేశంలో అందరికంటే ఎక్కువసార్లు ఆడే అబద్ధం బహుశా ఇదే! ఫోనులో మొహం కనిపిస్తుంది. మొహం వెనక మాట వినిపించాలంటే ఆ మాట ఇద్దరికీ ముందే తెలిసి వుండాలి. ఆ మాటలు ఇచ్చేది కథలే.

ఇక్కడ మన భాషలో ఒక చిక్కుంది. కొత్తచోట ఇమడటానికి మనకున్న మాట 'సర్దుకుపోవడం'. ఈ మాట ఎక్కడిది? అత్తవారింటిది. అప్పగింతల పాటలనుంచి సీరియళ్ళదాకా ఆడపిల్లకి చెప్పిన ఒకే ఒక్క పాఠం ఇదే. మాటంటే సర్దుకో, పెట్టకపోతే సర్దుకో, కొడితే కూడా సర్దుకో. ఈ మాటని మనం తెలియకుండానే పిల్ల సూట్‌కేసులో పెట్టి హాస్టలుకి పంపుతున్నాం. "కొత్తల్లో అలాగే వుంటుంది, సర్దుకుపో పాపా" అంటాం. ఏ సంగతిని గురించి అంటున్నామో మనకే తెలియదు. సాంబారు పులుపు గురించా? లేక సీనియర్లు పెట్టే హింస గురించా?

ఈ రెంటికీ తేడా చెప్పకపోతే ఏమవుతుందో మన రాష్ట్రం 2015 జూలైలో చూసింది. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చరు మొదటి సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి ప్రాణం పోయింది. వేధింపుల మాట బయటికి వచ్చాక రాష్ట్రమంతా ఉలిక్కిపడింది. చట్టం లేకనా? ర్యాగింగును నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ చట్టం 1997లోనే వచ్చింది. యూజీసీ 2009లో దేశమంతటికీ నిబంధనలు పెట్టింది. ర్యాగింగు చెయ్యనని విద్యార్థీ, చెయ్యనివ్వనని తల్లిదండ్రులూ సంతకాలు చెయ్యాలి. 1800-180-5522 అని ఫిర్యాదుకి ఒక నంబరూ వుంది, రాత్రీ పగలూ పనిచేస్తుంది. పిల్ల ఫోనులో మన నంబరు పక్కన ఆ నంబరు కూడా వేసి పంపండి. కానీ నంబరు నొక్కాలంటే ముందు పిల్ల మనసులో ఒక మాట పుట్టాలి: 'ఇది నేను అలవాటు పడాల్సిన సంగతి కాదు' అని. ఆ మాట చట్టం పుట్టించలేదు. చట్టానికి భాష వుంటుంది గాని గొంతు వుండదు. 

అందుకే నేను రెండు మాటల్ని విడదీయమంటాను. 'అలవాటు పడటం' వేరు, 'సర్దుకుపోవడం' వేరు. నీళ్ళకీ, తిండికీ, ఆరుగురు పడుకునే గదికీ, ఇంగ్లీషు పాఠానికీ అలవాటు పడొచ్చు, పడాలి కూడా. అందులో మనిషి పెరుగుతుంది. అవమానానికి సర్దుకుపోతే మనిషి తరుగుతుంది. ఏ నవలయినా, కథయినా మొదటి సంవత్సరం గురించి రాస్తే నేను ముందు చూసేది ఇదే: ఈ గీత ఎక్కడ గీశారు? గీత గీయని రచన ఎంత తియ్యగా వున్నా, అది పాత పాటకి కొత్త వరస మాత్రమే.

గీత గీసిన మనిషిని మన చరిత్రలోంచి ఒకరిని చూపిస్తాను. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకి పోయివచ్చి, ఆ తర్వాత పట్టుపట్టి చదువు మొదలుపెట్టిన మనిషి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో బి.ఏ. చేరబోతే, ఆడపిల్లలకి హాస్టలు లేదని అధికారులు వెనకాడారు. ఆవిడ సర్దుకుపోలేదు. ఇంటికి తిరిగీ పోలేదు. చదువుకోవాలనుకునే ఆడపిల్లలు ఎవరైనా వుంటే రమ్మని పత్రికలో ప్రకటన ఇచ్చారు. కొందరు అమ్మాయిలు పోగయ్యారు. అందరూ కలిసి హాస్టలు నడుపుకున్నారు. తన జీవితకథలో ఆవిడే చెప్పుకున్న సంగతి ఇది. దీన్ని చదివినప్పుడల్లా నాకు అనిపిస్తుంది, మన నవలల్లో లేని నాయిక జీవితంలో ఏనాడో పుట్టిందని. ఆవిడ కొత్తచోటికి తగ్గట్టు తను మారడమే కాదు, తనకి తగ్గట్టు ఆ చోటుని కూడా కాస్త మార్చారు. మొదటి సంవత్సరం అంటే అదే కదా. సగం మనం మారడం, సగం చోటుని మార్చడం.

ఇక రాయలసీమ సాహిత్యం మాట ఒక్కటి చెప్పి ముగిస్తాను. మన కథకులు కరువుని రాశారు. ఎండిన బావినీ, అప్పుల రైతునీ, కక్షల ఊళ్ళనీ కడుపు తరుక్కుపోయేలా రాశారు. అవి రాయకపోతే మన సీమ గురించి బయటివాళ్ళకి సినిమా తప్ప దిక్కు వుండేది కాదు. కానీ ఆ ఎండిన బావి పక్కింట్లోంచే ఒక పిల్ల మార్కుల జాబితా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని బస్సెక్కింది. ఆ రైతు కూతురే ఆమె. కరువు కథకి తరువాయి భాగం ఆ పిల్ల మొదటి సంవత్సరంలో వుంది. దాన్ని రాయకపోతే సీమ కథ సగంలో ఆగినట్టే.

ఎవరు రాస్తారంటే, పెద్ద పేరున్నవాళ్ళు రాస్తారని నేననుకోవడం లేదు. హాస్టలు మంచం మీద కూచుని, నోటుబుక్కు వెనక పేజీల్లో, మూడో సెమిస్టరులో ఎప్పుడో మన ఆళ్ళగడ్డ పిల్లే రాస్తుంది. మొదటి సంవత్సరంలో రాయలేదు, ఆ ఏడాది ఏడవడానికే టైము చాలదు. మూడో సెమిస్టరుకి వెనక్కి తిరిగి చూసి నవ్వే ధైర్యం వస్తుంది. పార్వతీశంలాగా తనమీద తనే నవ్వుకుంటుంది. ఆ పుస్తకం వస్తే, తరవాతి ఏడాది నంద్యాల బస్‌స్టాండులో ఊరగాయ సీసా పక్కన అది కూడా వుంటుంది. పాట లేని లోటు కొంత తీరుతుంది.

ఆమెకి నాదొక్కటే మనవి. అచ్చుకి పంపేముందు 'యాడికి' అన్న చోట కొట్టేసి 'ఎక్కడికి' అని దిద్దొద్దమ్మా.